విమానం దిగాక మొదలయ్యే పని

ఊళ్ళో సర్వే డ్రోన్ ఎగిరిన రోజున అందరూ తలెత్తి చూస్తారు. పిల్లలు దాని వెంట పరుగెడతారు. అరగంటకల్లా అది దిగుతుంది, పెట్టెలో సర్దుకుంటారు, జీపెక్కి వెళ్ళిపోతారు. మరుసటి వారం నుంచి రచ్చబండ దగ్గర ఒకటే మాట: "ఫోటోలు తీసుకుపోయారు కదా, మ్యాపు ఇంకా రాలేదేం?" నెలలు గడిచేకొద్దీ ఆ మాటలో అనుమానం కూడా చేరుతుంది. ఇలా అడిగేది రైతులొక్కరే కాదు. టెండరు నోటీసుల్లో గడువులు రాసే వాళ్ళ మనసులోనూ ఇదే ప్రశ్న ఉంటుంది. ఆకాశం నుంచి తీసిన ఫోటోల మీద కొలతలు తీసి మ్యాపు తయారు చేసే ఈ పనిని ఫోటోగ్రామెట్రీ అంటున్నాం. దానికి ఎంత కాలం పడుతుంది, ఎంతమంది చేతులు పడాలి, ఆ కాలమంతా ఎక్కడ ఖర్చవుతుంది అన్నది ఇవాళ చెప్పుకుందాం.

పెళ్ళిలో ముహూర్తం కొద్ది నిమిషాలే. దాని ముందూ వెనకా పనులు నెలల తరబడి ఉంటాయి. ఈ పనిలో విమానం ఎగరడం కూడా అంతే.

మాటలకన్నా లెక్క నయం. పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు ఉన్న ప్రాంతం తీసుకుందాం. అంటే 100 చదరపు కిలోమీటర్లు, నాలుగైదు పెద్ద గ్రామాల పొలిమేరలు కలిపితే వచ్చేంత. ఫిల్మ్ కెమెరాల కాలం నాటి పద్ధతే చెబుతాను, లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. ఆ కెమెరా లెన్సు నాభ్యంతరం 152 మిల్లీమీటర్లు. ఫోటో 23 సెంటీమీటర్ల చదరం. నేల మీద పదివేల సెంటీమీటర్లు ఫోటోలో ఒక్క సెంటీమీటరుగా పడాలంటే విమానం నేలకు దాదాపు 1,520 మీటర్ల ఎత్తున ఎగరాలి. అప్పుడు ఒక్కో ఫోటోలో 2.3 కిలోమీటర్ల చదరపు నేల పడుతుంది.

అయితే ఒక ఫోటో పక్కన ఇంకో ఫోటో అంచుకు అంచు పేర్చితే సరిపోదు. ఎత్తుపల్లాలు కొలవాలంటే ప్రతి చోటూ కనీసం రెండు ఫోటోల్లో, రెండు వేరువేరు చోట్ల నుంచి కనిపించాలి. మన రెండు కళ్ళు లోతును పసిగట్టేది ఇలాగే. అందుకే వరుసలో ఒక ఫోటో మీదికి తర్వాతి ఫోటో 60 శాతం ఎక్కాలి. వరుసకీ వరుసకీ మధ్య 30 శాతం ఎక్కాలి. అంటే ప్రతి కొత్త ఫోటోతో మనకు నిజంగా కలిసొచ్చే కొత్త నేల ఒకటిన్నర చదరపు కిలోమీటర్ల లోపే. మన పది కిలోమీటర్ల చదరానికి ఏడు వరుసలు, వరుసకు పదిహేను ఫోటోలు, వెరసి నూటఅయిదు.

విమానం నిమిషానికి నాలుగు కిలోమీటర్లు పోతుందనుకోండి. ఒక వరుస రెండున్నర నిమిషాలు. ఏడు వరుసలకు కెమెరా పనిచేసిన సమయం పద్దెనిమిది నిమిషాలు. వరుస చివర తిరిగి రావడాలు కలుపుకున్నా గంటలో అయిపోతుంది.

నూటఅయిదు ఫోటోలను జతలుగా చూస్తే వరుసకు పద్నాలుగు, మొత్తం తొంభైఎనిమిది జతలు. ఒక్కో జతను మోడల్ అంటారు. ఆ మోడల్‌లో ఉన్న ప్రతి రోడ్డు, ప్రతి కాలువ, ప్రతి ఇల్లు, ప్రతి గట్టు మనిషి చూసి గీయాలి. పొలాలు, చిన్న పల్లెలు ఉన్న మోడల్‌కు సగటున రెండు రోజులు అనుకుందాం. అదే ఊరు పట్నమై, ఇరుకు సందులూ మిద్దెలూ ఉంటే వారాలు పడుతుంది. రెండు రోజుల లెక్కే పట్టుకున్నా దాదాపు రెండువందల మనిషి-రోజులు. అయిదుగురు కూర్చుంటే రెండు నెలలు. ఆకాశంలో గంట, బల్ల దగ్గర రెండు నెలలు. ఇందులో నేల మీద చేసే పని ఇంకా కలపలేదు.

ఇప్పుడు ఎవరైనా వచ్చి "మాకు ఇంకాస్త వివరంగా కావాలి, స్కేలు రెండింతలు చేయండి" అంటారు. చెప్పడానికి చిన్న మాట. కానీ ఎత్తు సగం చేస్తే వరుసలు రెండింతలవుతాయి, వరుసలో ఫోటోలూ రెండింతలవుతాయి, మొత్తం నాలుగింతలు. ఫోటోలో అదివరకు కనిపించని గేటు, పంపుసెట్టు గది, పిల్లకాలువ ఇప్పుడు కనిపిస్తాయి. కనిపించినదల్లా గీయాలి. కాబట్టి శ్రమ నాలుగింతలతో కూడా ఆగదు. "ఇంకాస్త వివరంగా" అన్న మాటకు ఖరీదు ఎంతో తెలియక ఒప్పుకున్న పనులు ఈ రంగంలో చాలా ఉన్నాయి.

ఎగరడం గంట అన్నాను కదా. ఆ గంట దొరకడానికి ఎన్నాళ్ళు కాచుకోవాలో కూడా చెప్పాలి. మబ్బు ఉండకూడదు. మబ్బు విమానానికి పైన ఉన్నా దాని నీడ నేల మీద పడుతుంది. సూర్యుడు మరీ కిందికి ఉంటే నీడలు పొడుగ్గా సాగి గట్లను మింగేస్తాయి. నడినెత్తిన ఉంటే చెరువులు అద్దంలా మెరిసి ఫోటోలో తెల్ల మచ్చలవుతాయి. మన ప్రాంతంలో వానలు వెనక్కి తగ్గాక, ఎండలు ముదిరి దుమ్ము లేవకముందు, అంటే కార్తీకం మొదలు మాఘం దాకా మంచి కాలం. ఆ కాలంలో కూడా పొద్దున్న పొగమంచు వీడేదాకా ఆగాలి. పంట సంగతి వేరే ఉంది. వరి కోతలయ్యాక గట్లు స్పష్టంగా తేలతాయి. గుంటూరు వైపు మిరప, పత్తి చేలు అప్పటికి ఇంకా నిండుగానే ఉంటాయి. ఇక కోనసీమ కొబ్బరితోటల కింద, నూజివీడు మామిడితోటల కింద ఏడాది పొడుగునా గట్టు కనపడదు. అక్కడ ఎన్నిసార్లు ఎగిరినా, కింద మనిషి నడిచి కొలవాల్సిందే.

అనుమతుల కథ ఇంకొకటి. మన దేశంలో చాలా దశాబ్దాలు గగనతల ఫోటోగ్రఫీకి రక్షణ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలు కావాల్సి వచ్చేది, ఫోటోలు రక్షణ వర్గాల పరిశీలన దాటాల్సి వచ్చేది. చలికాలం మొదట్లో దరఖాస్తు పెడితే ఒప్పుకోలు వచ్చేసరికి ఆ ఏటి మంచి కాలం దాటిపోయే ప్రమాదం ఉండేది. 2021 ఫిబ్రవరిలో భౌగోళిక సమాచారం మీద కొత్త మార్గదర్శకాలు, అదే ఏడు ఆగస్టులో డ్రోన్ నియమాలు వచ్చాక ఈ ముడి చాలావరకు సడలింది. ఇప్పుడు ఆంక్షలు లేని ప్రాంతంగా గుర్తించిన గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల ఎత్తు దాకా డ్రోన్ ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఇది నిజంగా మిగిలిన కాలమే. ఆ మేరకు ఒప్పుకోవాలి.

ఈ పనికీ హైదరాబాదుకీ పాత అనుబంధం ఉంది. 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియా తన శిక్షణ సంస్థను ఉప్పల్‌లో నెలకొల్పింది. దేశం నలుమూలల నుంచే కాదు, బయటి దేశాల నుంచీ సర్వేయర్లు వచ్చి అక్కడ నేర్చుకున్నారు. విమానాల్లో కెమెరాలు బిగించి ఫోటోలు తీసే పనికి బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ పేరుపడింది. బేగంపేట నుంచి ఎగిరిన దాని చిన్న విమానాలు దేశమంతటా ఎన్నో ప్రాజెక్టులకు ఫోటోలు తెచ్చాయి. 1991లో అదే నగరంలో మొదలైన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, అంటే నేటి సైయెంట్, తొలినాళ్ళలో చేసిన పని మ్యాపులను కంప్యూటరుకెక్కించడమే. ఆ దారిలో చాలా కంపెనీలు వచ్చాయి. అమెరికాలో ఏదో కౌంటీ మీద విమానం ఎగురుతుంది. అక్కడ మంచు కరిగి, చెట్లకు ఆకు ఇంకా చిగురించని కొద్ది వారాల్లోనే ఎగరాలి. ఆ ఊళ్ళ రోడ్లూ ఇళ్ళ కప్పులూ హైదరాబాదులో షిఫ్టుల్లో కూర్చుని మన పిల్లలు గీస్తారు. ఆ ఊరు వాళ్ళెప్పుడూ చూసి ఉండరు, అక్కడి ప్రతి ఇంటి చూరు కొలత మాత్రం వాళ్ళ చేతి మీదుగానే పోతుంది. ఫోటోగ్రామెట్రీలో అత్యంత ఖరీదైన వస్తువు మనిషి గంట అని ఆ కంపెనీలు ఎప్పుడో గ్రహించాయి. పని ఇంత దూరం వచ్చింది అందుకే.

ఆ మనిషి గంటలో ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే బయటివాళ్ళకు కనిపించనిది అదే.

పాత యంత్రాల కాలంలో, స్విట్జర్లాండ్ వైల్డ్ కంపెనీ ఏ-8, బీ-8 ప్లాటర్ల కాలంలో, రెండు ఫోటోలను పారదర్శక ఫలకాల మీద యంత్రంలో పెట్టేవారు. కుడి కంటికి ఒకటి, ఎడమ కంటికి ఒకటి కనిపిస్తాయి. మొదట్లో రెండూ కలవవు. ఒక చుక్క రెండుగా, పైకీ కిందికీ విడిపోయి కనిపిస్తుంది. ఎగిరినప్పుడు విమానం ఏ వైపు ఒరిగిందో, ఎంత వంగిందో అదే వంపును యంత్రంలో మళ్ళీ తేవాలి. మోడల్‌లో ఆరు నిర్ణీత స్థానాలు ఉంటాయి. ఒక చోట సరిచేస్తే ఇంకో చోట చెదురుతుంది. మరలు తిప్పి తిప్పి ఆరింటినీ కుదిర్చాక, ఒక్కసారిగా నేల లేచి నిలబడుతుంది. కొండ కొండలా, బావి బావిలా కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఆ క్షణం భలే ముచ్చటగా ఉంటుంది. అక్కడి నుంచి రోజుల తరబడి సాగేది మాత్రం ముచ్చట కాదు.

చూపులో ఒక వెలుగు చుక్క తేలుతూ ఉంటుంది. దాన్ని నేల మీద సరిగ్గా ఆనించాలి. కాస్త పైకి ఉన్నా తప్పే, నేలలోకి దిగినా తప్పే. ఏ-8 లాంటి యంత్రంలో రెండు చేతుల కింద రెండు చక్రాలు, చుక్కను అటూ ఇటూ నడపడానికి. కాలి కింద పళ్ళెం లాంటి ఇంకో చక్రం, ఎత్తు మార్చడానికి. రోడ్డు వెంట పోతుంటే చేతులు రోడ్డును పట్టుకోవాలి, కాలు ఎత్తును పట్టుకోవాలి. కాంటూరు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత, గీసేటప్పుడు ఎత్తు బిగించేసి, చుక్క నేలను ఎక్కడెక్కడ తాకుతుందో అక్కడక్కడే నడపాలి. చదునైన పొలంలో ఇది కొండలో కన్నా కష్టం, ఎందుకంటే చుక్క ఎక్కడ ఆనిందో తేలదు. ఇప్పుడు ఆ ఇనుప యంత్రాల స్థానంలో కంప్యూటరు తెర, ప్రత్యేకమైన కళ్ళజోడు వచ్చాయి. చుక్క మాత్రం మారలేదు, దాన్ని ఆనించాల్సిన కన్నూ మారలేదు. ఒకే పనిని గంటల తరబడి చేస్తే కళ్ళు లాగుతాయి, తల పోటు పుడుతుంది. మధ్యాహ్నం తర్వాత గీసిన కాంటూర్లలో తప్పులు పెరుగుతాయని పర్యవేక్షకులకు తెలుసు. అందుకే ఎనిమిది గంటల షిఫ్టును ఎనిమిది గంటల ఉత్పత్తిగా లెక్కవేసే గడువులు నిలవవు.

ఒక చిన్న ముచ్చట. 1901లో జర్మనీలోని యేనాలో, త్‌సైస్ కంపెనీలో పనిచేసిన కార్ల్ పుల్‌ఫ్రిష్ అనే శాస్త్రవేత్త రెండు కళ్ళతో లోతు కొలిచే స్టీరియోకంపారేటర్ తయారు చేశాడు. ఈ రంగానికి పునాది రాళ్ళలో అదొకటి. ఆయన తర్వాత ఒక కంటి చూపు కోల్పోయాడు. రెండు కళ్ళ చూపు మీద పరిశోధన మాత్రం మానలేదు.

రెండు ఫోటోలను కుదిర్చినంత మాత్రాన అది ఏ ఊరి నేలో, సముద్రమట్టానికి ఎంత ఎత్తో యంత్రానికి తెలియదు. దానికి నేల మీద ఖచ్చితంగా కొలిచిన గుర్తులు కావాలి. ఎగిరే ముందు నేల మీద సున్నంతో గానీ తెల్లబట్టతో గానీ పెద్ద ప్లస్ గుర్తులు వేస్తారు. వేసిన రాత్రి వాన పడొచ్చు. గేదెలు తొక్కొచ్చు. తెల్లబట్టను ఎవరైనా విప్పుకుపోవచ్చు. గుర్తు పోయిందంటే ఆ మోడల్‌కు ఆధారం పోయినట్టే. ఒకప్పుడు ప్రతి మోడల్‌కూ ఇలాంటి బిందువులు నాలుగైదు కొలవాల్సి వచ్చేది. ఆ తర్వాత ఏరియల్ ట్రయాంగ్యులేషన్ వచ్చి, వరుసలో నాలుగైదు మోడళ్ళకు ఒకచోట కొలిస్తే మిగతాది గణితం పూరించేలా చేసింది. నేల పని బాగా తగ్గింది. దాని బదులు ఇంకో పని పుట్టింది. పక్కపక్క ఫోటోల్లో ఒకే చుక్కను గుర్తించి, ఫిల్మ్ మీద సూదితో సన్నటి రంధ్రం పొడిచేవారు. ఒకసారి పొడిస్తే చెరపడం ఉండదు. ఇప్పుడు ఆ పొంతన చుక్కలను సాఫ్ట్‌వేర్ వేల సంఖ్యలో తనంత తానే వెతుక్కుంటుంది. విమానంలోని జీపీఎస్ వల్ల నేల బిందువులు ఇంకా తగ్గాయి. ఈ రెండు చోట్లా యంత్రం మనిషి శ్రమను నిజంగానే మింగింది.

మరి డ్రోన్? డ్రోన్ వచ్చాక పని రోజుల్లో అయిపోతుందని చాలామంది నమ్మకం. ఇరవై మెగాపిక్సెల్ కెమెరా ఉన్న మామూలు డ్రోన్‌ను 100 మీటర్ల ఎత్తున ఎగరేస్తే ఒక ఫోటోలో పడే నేల సుమారు 150 మీటర్లకు 100 మీటర్లు. వరుసలో 80 శాతం, పక్కకు 70 శాతం ఎక్కిస్తే, ఒక్క చదరపు కిలోమీటరుకే ఫోటోలు వెయ్యి దాటుతాయి. మన వంద చదరపు కిలోమీటర్లకు లక్ష పైమాటే. నేల మీద దాదాపు మూడు సెంటీమీటర్లకు ఒక పిక్సెల్ పడేంత వివరం దొరుకుతుంది, కాదనను. కానీ బ్యాటరీ మాటిమాటికీ మార్చాలి. ఆ లక్ష ఫోటోలను కంప్యూటర్లు రాత్రీ పగలూ నమలాలి. నమిలాక వచ్చే ఎత్తుల పటంలో నేల ఎత్తు ఉండదు, పైన ఏదుంటే దాని ఎత్తు ఉంటుంది. చెట్టు కొమ్మ, గడ్డివాము, ట్రాక్టరు ట్రాలీ, ఇంటి కప్పు, అన్నీ దానికి నేలే. వాటిని వలిచి అసలు నేలను తేల్చే పని సాఫ్ట్‌వేర్ సగం చేస్తుంది, మిగతా సగం మళ్ళీ మనిషే చేయాలి. చెరువు నీటి మీద దానికి పట్టు దొరకదు. గట్టు అంచు మొద్దుబారిపోతుంది. కాలువ కట్టలకు అంచు గీతలు చేత్తో గీసివ్వాలి.

ఇంకొక సంగతి ఏ కెమెరా దాటలేనిది. పై నుంచి చూస్తే చూరు కనిపిస్తుంది, గోడ కనిపించదు. ఇంటి హద్దు గోడతో పోతుంది కాబట్టి చూరు ఎంత ముందుకు వచ్చిందో టేపుతో కొలవాలి. గ్రామకంఠం ఇళ్ళకు కార్డులివ్వడానికి 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో డ్రోన్ రాకముందే ఇళ్ళ హద్దుల వెంట సున్నం పోసే పని అందుకే పెట్టారు. యజమాని, పంచాయతీ సిబ్బంది, సర్వేయరు నిలబడి ఒప్పుకున్నాక సున్నం పడాలి. ఆ ఒప్పుకోలుకు పట్టే పొద్దు డ్రోన్ ఎగిరే పొద్దుకన్నా ఎన్నో రెట్లు.

ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో మొదలైంది. సర్వే ఆఫ్ ఇండియా తోడుగా నిలిచింది, డ్రోన్లు ఎగిరాయి, గ్రామ సచివాలయాల సర్వేయర్లు ఉపగ్రహ సంకేతాలతో స్థానం కొలిచే రోవర్లు పట్టుకుని పొలాల్లో తిరిగారు. వందేళ్ళ నాటి గొలుసు కొలతల తర్వాత ఇంత పెద్ద పని ఇదే. ఫోటోలు తీయడం మీద పెద్దగా ఫిర్యాదులు రాలేదు. గొడవ వచ్చింది గ్రౌండ్ ట్రూతింగ్ దగ్గర, అంటే హద్దులను పొలంలో నిలబడి సరిచూసే చోట, ఇద్దరు ముగ్గురు రైతులను ఒకే నంబరు కింద చేర్చిన జాయింట్ ల్యాండ్ పార్సెల్ మ్యాపుల (ఎల్‌పీఎంల) దగ్గర. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకున్న భాగాల మధ్య గట్టు లేకపోతే ఎంత మంచి ఫోటోలోనైనా అది ఒకే చెక్క. భాగం ఎక్కడ విడిపోయిందో చెప్పాల్సింది వాళ్ళు, గుర్తు వేయాల్సింది పొలంలో నిలబడ్డ సర్వేయరు. ఆ పనికి రోజులు సరిపోనిచోట నంబరు ఉమ్మడిగానే పడిపోయింది. గడువు ఒత్తిడి మొత్తం వచ్చి ఆ చివరి మెట్టు మీదే కూర్చుంటుంది. ఎందుకంటే అంతకు ముందు మెట్లు చాలావరకు యంత్రాలవి, వాటిని తొందరపెట్టలేం. మనిషిని తొందరపెట్టొచ్చని అనుకుంటాం.

కాబట్టి మ్యాపుల పనికి డబ్బు కేటాయించేవాళ్ళకు నేను చెప్పే మాట సూటిగా ఉంటుంది. కెమెరాకు, విమానానికి పెట్టే ఖర్చు చూసి పని అంచనా వేయకండి. ఎన్ని మోడళ్ళు, ఎంత వివరం, నేల మీద ఎంతమంది, ఎన్ని రోజులు, ఇవి ముందు రాసుకోండి. ఎగరడానికి వారం ఇచ్చిన చోట సరిచూడటానికి నెలలు ఇవ్వండి. దిద్దుబాటుకు విడిగా మనుషులను పెట్టండి, గీసిన వాళ్ళనే దిద్దమనకండి. ఈ మాత్రం చేయని ప్రాజెక్టు గడువులోపు పూర్తయిందంటే, తప్పులన్నీ రైతు పాసుపుస్తకంలోకి చేరాయని అర్థం.

రైతు సోదరులకూ సోదరీమణులకూ ఒక విన్నపం. మీ ఊరికి గ్రౌండ్ ట్రూతింగ్ నోటీసు వస్తే ఆ రోజు పొలం దగ్గర ఉండండి. పక్క పొలం వాళ్ళకూ చెప్పండి. పట్నంలోనో విదేశంలోనో ఉంటే, మీ తరఫున నిలబడే మనిషికి రాసిచ్చి పంపండి. గట్ల మీద కంప ముందే కొట్టించండి, సర్వే రాయి ఉంటే తవ్వి బయటకు తీసి పెట్టండి. సర్వేయరు గీసిన హద్దు చూసి, ఒప్పుకుంటేనే సంతకం చేయండి. ఒప్పుకోకపోతే అక్కడే, ఆ రోజే, రాతపూర్వకంగా చెప్పండి.